పట్టు తగ్గిన చేతులకు ఏ పిస్తోలు?

మా అక్కకు 61 ఏళ్లు. బావ పోయిన తరువాత కూడా టెక్సాస్‌లో ఒక చిన్న ఊరి శివారున ఉన్న దుకాణాన్ని తనే నడుపుతోంది. రాత్రి 11 గంటలకు గల్లా లెక్క చూసుకుని, దీపాలు ఆర్పి, తాళం వేసి, వెనక ఉన్న కారు దాకా ఒంటరిగా నడవాలి. ఆమె రెండు బొటనవేళ్ల మొదళ్లలోనూ కీళ్లు అరిగిపోయాయి. ఆవకాయ సీసా మూత తీయాలంటే సీసాను మోకాళ్ల మధ్య ఇరికించుకుని, తడిగుడ్డ చుట్టి తిప్పుతుంది. ముసురు పట్టిన రోజున అదీ చేతకాదు. పక్కింటి పిల్లవాణ్ని పిలుస్తుంది.

పోయిన ఏడాది ఆమె పిస్తోలు వెంట ఉంచుకోవాలని నిశ్చయించుకుంది. నేను పదేళ్లుగా షూటింగ్ రేంజికి వెళ్తున్నదాన్ని కాబట్టి ఎంపికలో సాయం అడిగింది. నాలుగు శనివారాలు తిరిగాం. అద్దెకు తుపాకులిచ్చే రేంజిలో ఆమె ఒక్కొక్కటే పట్టి, లాగి, పేల్చి చూసింది. పట్టు తగ్గిన చేతులకు చిన్న తుపాకీ, తేలికైన తుపాకీ సులువుగా ఉంటుందని చెప్పే మాట తప్పు అని ఆ నాలుగు వారాల్లో నాకు రూఢి అయింది. ఆ మాట నమ్మి కొన్నవారు రెండుసార్లు పేల్చి, చెయ్యి నొచ్చి, దాన్ని సొరుగులో పడేస్తారు. ఇలాంటి చేతులున్న తల్లికో అక్కకో తమకో ఎంచుకోవలసినవారి కోసం ఇది రాస్తున్నాను.

ముందు చట్టం సంగతి. అమెరికాలో ఉన్న తెలుగువారిలో చాలామంది దీన్ని తేలికగా తీసుకుంటారు. హెచ్-1బి, హెచ్-4, ఎఫ్-1 వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారి దగ్గర తుపాకీ గానీ తూటాలు గానీ ఉండకూడదని ఫెడరల్ చట్టం చెబుతుంది. వేట లైసెన్సు వంటి కొద్దిపాటి మినహాయింపులు మాత్రమే ఉన్నాయి. సరదాకు రేంజికి వెళ్లి అద్దె తుపాకీ పట్టుకున్నా ఈ నిషేధం వర్తిస్తుంది. స్నేహితుల పిలుపు మీద వెళ్లి ఫోటోలు దిగే కుర్రవాళ్లు ఇది గుర్తు పెట్టుకోవాలి. వలస కేసు ఎదురుగా ఉన్న మనిషికి అంతకంటే పెద్ద చిక్కు లేదు. గ్రీన్‌కార్డు ఉన్నవారు, పౌరులు కొనవచ్చు. లైసెన్సున్న దుకాణంలో చేతి తుపాకీ కొనాలంటే 21 ఏళ్లు నిండాలి, 4473 అనే ఫారం నింపాలి, పూర్వాపరాల తనిఖీ దాటాలి. అసలు కొంటున్నది మీరేనా అని ఆ ఫారంలో అడుగుతారు. ఇంకొకరి డబ్బు తీసుకుని, వారి కోసం కొంటూ, అవునని సంతకం చేస్తే అది నేరం. అందుకే అక్క తుపాకీని అక్కే కొంది, నేను పక్కన నిలబడ్డాను. టెక్సాస్‌లో 2021 సెప్టెంబరు 1 నుంచి అర్హులైన 21 ఏళ్లు నిండినవారు పర్మిట్ లేకుండానే చేతి తుపాకీ వెంట ఉంచుకోవచ్చు. న్యూజెర్సీ, న్యూయార్క్, కాలిఫోర్నియాలలో అలా కుదరదు. పర్మిట్ అవసరం లేని చోట కూడా లైసెన్సు తరగతిలో కూర్చోవడం మంచిది. తుపాకీ ఎప్పుడు తీయవచ్చో, ఎక్కడికి తీసుకెళ్లకూడదో చెప్పేది అక్కడే.

ఏ వేలు నొస్తుంది?

"చేతులు బలహీనం" అనే ఒక్క మాటతో దుకాణానికి వెళ్తే అమ్మేవారు ఏదో ఒకటి చేతిలో పెడతారు. పిస్తోలు చేతిని నాలుగు వేర్వేరు పనులు అడుగుతుంది. పిడిలోకి దూర్చే తూటాల డబ్బా, అంటే మ్యాగజైన్‌లో తూటాలు నింపాలి. అది బొటనవేలి పని. మొదటి తూటా గొట్టంలోకి ఎక్కడానికి స్లైడ్, అంటే పిస్తోలు పైన కదిలే లోహపు తొడుగును వెనక్కి లాగాలి. అది గుప్పిటి పని, ముంజేతి పని. ట్రిగ్గర్ నొక్కాలి. అది చూపుడు వేలి పని. పేలినప్పుడు వచ్చే కుదుపును అదుపులో పెట్టాలి. అది మణికట్టుదీ, చివరి మూడు వేళ్లదీ. ఈ నాలుగింటిలో ఏది చేతకాదో తెలిస్తే సగం ఎంపిక అయిపోయినట్టే.

అక్కకు బొటనవేళ్లు పోయాయి గానీ చూపుడు వేలు పరవాలేదు. మణికట్టు నరం నొక్కుకుపోయినవారికి బొటనవేలు, చూపుడు, నడిమి వేళ్లు మొద్దుబారుతాయి. వారికి ట్రిగ్గర్ మీద వేలు ఎంత దూరం వచ్చిందో సరిగా తెలియదు, కాబట్టి మరీ తేలికైన ట్రిగ్గర్ ప్రమాదం. రుమటాయిడ్ కీళ్లవాతం ఉన్నవారికి వేళ్ల కణుపులు వాస్తాయి, ఉదయం పూట మరీ బిగుసుకుపోతాయి. పక్షవాతం వచ్చి ఒక చెయ్యి పూర్తిగా పడిపోయినవారి లెక్క వేరు. వీరందరికీ ఒకే తుపాకీ చూపించే మనిషి సలహా వినకండి.

ఇంకో మాట. ఎంపికకు శనివారం ఉదయం కాఫీ తాగి, చేతులు వెచ్చబడ్డాక వెళ్లడం పొరపాటు. మేము మొదటి వారం అదే చేశాం. రెండో వారం నుంచి అక్క పగలంతా దుకాణంలో పెట్టెలు సర్ది, సాయంత్రం ఆరింటికి రేంజికి వచ్చింది. మొదటి వారం చక్కగా లాగిన స్లైడ్‌లలో రెండు ఆ సాయంత్రం కదలలేదు. పిస్తోలు అవసరమయ్యేది అలసిపోయిన రాత్రివేళ కాబట్టి చేతిని పరీక్షించవలసిందీ అప్పుడే.

చిన్న రివాల్వర్ మీద ఉన్న భ్రమ

మొదట వెళ్లిన దుకాణంలో కౌంటరు వెనక ఉన్నాయన అక్క వేళ్లు చూడగానే అద్దాల పెట్టెలోంచి స్మిత్ అండ్ వెసన్ 642 తీశాడు. ఐదు తూటాల రివాల్వర్, ఖాళీగా 410 గ్రాముల బరువు. "లాగడానికి స్లైడ్ లేదు, ఇరుక్కుపోయేది ఏమీ లేదు, ఆడవారికి ఇదే సరైనది" అన్నాడు. అది అరచేతిలో ఇమిడిపోయింది. అక్క ముఖం వెలిగింది. లోపల తూటాలు లేవని ముగ్గురం చూసి నిర్ధారించుకున్నాక, ఆయన అనుమతితో, ఆయన చూపిన వైపు గొట్టం తిప్పి ట్రిగ్గర్ నొక్కమన్నాను. వేలు సగం దూరం వచ్చి ఆగిపోయింది. మణికట్టు వణికింది. రెండో చేతి చూపుడు వేలిని కూడా తెచ్చి మీద వేసి నొక్కింది. ట్రిగ్గర్ కదిలింది గానీ గొట్టం మూతి బెత్తెడు కిందికి వాలిపోయింది.

ఇలాంటి చిన్న రివాల్వర్ ట్రిగ్గర్ సుమారు 12 పౌండ్ల ఒత్తిడి, అంటే ఐదున్నర కిలోలు అడుగుతుంది. తుపాకీ బరువేమో అర కిలో కూడా లేదు. అర కిలో వస్తువును కదలకుండా నిలిపి, దాని మీద ఒక్క వేలితో ఐదున్నర కిలోల బలం వేయాలి. గురి ఎలా నిలుస్తుంది? స్లైడ్ లాగే పని తప్పిందని మనం సంతోషిస్తాం. నిజానికి ఆ పని తప్పలేదు, చేతులు మారింది. తూటాను కొట్టి పేల్చే సుత్తిని వెనక్కి నెట్టడం, తూటాల గిన్నెను ఒక మెట్టు తిప్పడం, సుత్తిని వదలడం, మూడూ చూపుడు వేలే చేస్తుంది, ప్రతి తూటాకూ చేస్తుంది. స్లైడ్ అయితే రెండు చేతులతో, మొత్తం ఒంటి బలంతో, ఒక్కసారి లాగితే చాలు. 642లో సుత్తి లోపల దాగి ఉంటుంది కాబట్టి దాన్ని ముందుగా వెనక్కి లాగి ట్రిగ్గర్‌ను తేలిక చేసుకునే దారి కూడా లేదు.

పేల్చినప్పుడు అసలు బాధ తెలుస్తుంది. ఆ రివాల్వర్ వాడే .38 స్పెషల్ అనే రకం తూటా శక్తిని మింగడానికి ఆ తుపాకీలో బరువు లేదు. మిగిలిందంతా అరచేతికి, బొటనవేలి మొదలుకు వస్తుంది. జేబులో తేలిగ్గా ఉన్నది చేతిలో బరువవుతుంది.

అయినా రివాల్వర్‌ను పూర్తిగా కొట్టిపారేయను. చూపుడు వేలు గట్టిగా ఉండి, బొటనవేళ్లు గానీ గుప్పిటి పట్టు గానీ పోయినవారికి, ఒక్క చెయ్యే ఉన్నవారికి అది నిజంగా పనికొస్తుంది. స్లైడ్ ఉండే సెమీ ఆటోమేటిక్ పిస్తోలును వదులుగా పట్టుకుంటే స్లైడ్ పూర్తిగా వెనక్కి రాక తూటా ఇరుక్కుంటుంది. రివాల్వర్‌కు ఆ బెడద లేదు, పట్టు ఎలా ఉన్నా తిరుగుతుంది. అలాంటివారు రూగర్ ఎల్‌సీఆర్ చూడాలి. దాని ట్రిగ్గర్ అమరికలో రాపిడి తక్కువ, నొక్కు మొదటి నుంచి చివరిదాకా సాఫీగా వస్తుంది. బయట సుత్తి ఉన్న ఎల్‌సీఆర్ఎక్స్ అయితే సుత్తి లాగుకుని పేల్చే వీలు కూడా ఉంది. .327 ఫెడరల్ మాగ్నమ్ అనే తూటా కోసం చేసిన ఎల్‌సీఆర్‌లో .32 హెచ్ అండ్ ఆర్ మాగ్నమ్, ఇంకా మెత్తని .32 ఎస్ అండ్ డబ్ల్యూ లాంగ్ కూడా పేలతాయి. ఐదుకు బదులు ఆరు తూటాలు పడతాయి, ఆ .32 తూటాలు వేస్తే కుదుపు .38 కంటే తక్కువ. .38 మీదే మనసుంటే 148 గ్రెయిన్ల (గుండు బరువు కొలత) వాడ్‌కట్టర్ తూటాలు అడగండి. ముందు భాగం చదునుగా ఉండి, నెమ్మదిగా వెళ్లే తూటా అది. చేతికి చాలా హాయి.

ఇండియాలోనూ ఈ భ్రమే కనిపిస్తుంది. కాన్పూరు ఆయుధ కర్మాగారం 2014లో నిర్భీక్ అనే .32 రివాల్వర్‌ను స్త్రీల కోసమని విడుదల చేసినప్పుడు అందరూ మాట్లాడింది దాని అర కిలో బరువు గురించే. చేతిసంచిలో మోయడానికి ఎంత తేలికో చెప్పారు. ట్రిగ్గర్ ఎంత బరువో కొనబోయే స్త్రీకి ఎవరైనా చెప్పారా అని నాకు ఇప్పటికీ అనుమానమే.

జేబు పిస్తోళ్లు, స్ప్రింగు సంగతి

రివాల్వర్ కాదంటే రెండో సలహాగా రూగర్ ఎల్‌సీపీ వంటి జేబు పిస్తోలు చూపిస్తారు. .380 తూటా, 300 గ్రాముల లోపు బరువు. పిడి మీద రెండు వేళ్లే పడతాయి. స్లైడ్ మీద పట్టుకోవడానికి చోటు లేదు. అక్క దాన్ని మూడుసార్లు పేల్చి బల్ల మీద పెట్టేసింది. వద్దు అంది, నేనూ బలవంతం చేయలేదు.

ఇక్కడ స్ప్రింగు గురించి కాస్త తెలుసుకోవాలి, ఎందుకంటే ఇది తెలియక చాలామంది మోసపోతారు. .380 అంటే 9 మిల్లీమీటర్ల తూటాకు చెల్లెలు. గుండు వెడల్పు ఒకటే, మందు ఉండే గుల్ల పొడవు మాత్రం 19 మిల్లీమీటర్లకు బదులు 17. మందు తక్కువ, కుదుపు తక్కువ. అందువల్ల .380 పిస్తోళ్లన్నీ సులువు అనుకుంటాం. కాదు. వాల్తర్ పీపీకే, బెర్సా థండర్ వంటి పాత తరహా పిస్తోళ్లలో గొట్టం, స్లైడ్ ఒకదానికొకటి తాళం పడవు. పేలుడు ఒత్తిడిని ఆపేది స్లైడ్ బరువు, స్ప్రింగు బిగువు మాత్రమే. అందుకే ఆ స్ప్రింగు గట్టిగా ఉండాలి. లాగడం కష్టం, కుదుపూ చురుక్కుమంటుంది. గొట్టం, స్లైడ్ క్షణకాలం తాళం పడి కలిసి వెనక్కి కదిలే అమరికలో స్ప్రింగు మీద అంత భారం పడదు, మెత్తని స్ప్రింగు సరిపోతుంది. కొనేటప్పుడు "ఇది బ్లోబ్యాకా, లాక్డ్ బ్రీచా" అని అడగండి. తాళం పడనిది బ్లోబ్యాక్, పడేది లాక్డ్ బ్రీచ్. ఆ ఒక్క ప్రశ్నతో సగం పిస్తోళ్లు పక్కకు పోతాయి. తాళం పడే .380లలో గ్లాక్ 42 బరువు 390 గ్రాములు, మ్యాగజైన్‌లో 6 తూటాలు. సిగ్ పీ365-380 బరువు 445 గ్రాములు, 10 తూటాలు. రెండూ సన్నవి. అక్క సిగ్‌ను ఉదయం పూట లాగింది, సాయంత్రం లాగలేకపోయింది. చేతులు ఆమెకంటే కాస్త మెరుగ్గా ఉన్నవారికి, ఒంటిమీద దాచుకోవడమే ముఖ్యమైనవారికి నేను అదే సిఫారసు చేస్తాను.

నిజంగా సులువైనవి

స్మిత్ అండ్ వెసన్ 2018లో తెచ్చిన ఎం అండ్ పి 380 షీల్డ్ ఈజీ ఇలాంటి చేతుల కోసమే చేసినట్టు ఉంటుంది. బరువు సుమారు 525 గ్రాములు, మ్యాగజైన్‌లో 8 తూటాలు. లోపల సుత్తి ఉంది కాబట్టి స్లైడ్ స్ప్రింగును మెత్తగా పెట్టగలిగారు. స్లైడ్ వెనక అంచున రెండు వైపులా చిన్న చెవులలాగా ఎత్తులు ఉన్నాయి, వేళ్లు జారకుండా వాటి వెనక ఆగుతాయి. మ్యాగజైన్ పక్కన చిన్న బొడిపె ఉంది. దాన్ని కిందికి లాగి పట్టుకుంటే లోపలి పళ్లెం దిగుతుంది, తూటా ఊరికే జారుతుంది. అక్క మొదటిసారి ఎనిమిది తూటాలూ తనే నింపుకుని, ఏమీ మాట్లాడకుండా మ్యాగజైన్‌ను నాకు చూపించింది. అంతకు ముందు అన్ని తుపాకులకూ నేనే నింపి ఇచ్చాను.

దీనిలో చూసుకోవలసింది పిడి వెనక ఉన్న సేఫ్టీ మీట. అరచేయి దాన్ని పూర్తిగా నొక్కితేనే తుపాకీ పేలుతుంది. బొటనవేలి మొదలు లోపలికి కుంగిపోయిన చేతుల్లో అక్కడ ఖాళీ ఏర్పడి, మీట సరిగా దిగదు. కొనే ముందు కనీసం యాభై తూటాలు పేల్చి, ఒక్కసారి కూడా మొరాయించలేదని చూసుకోండి. 9 మిల్లీమీటర్ల షీల్డ్ ఈజీ కూడా ఉంది, 660 గ్రాముల దాకా తూగుతుంది. స్లైడ్ కొంచెం గట్టి, కుదుపు ఎక్కువ, తూటాలు చవక. పాతది కొంటే ఒక సంగతి గుర్తుంచుకోండి. 2020 మార్చి నుంచి అక్టోబరు మధ్య తయారైన 9 మిల్లీమీటర్ల ఈజీలను, పర్ఫార్మెన్స్ సెంటర్ రకం ఈజీలను సుత్తిలో లోపం వల్ల కంపెనీ వెనక్కి పిలిచింది. సీరియల్ నంబరు కంపెనీ దగ్గర సరిచూడకుండా డబ్బు ఇవ్వకండి.

దీనికి గట్టి పోటీ రూగర్ సెక్యూరిటీ-380. 560 గ్రాముల బరువు, 15 తూటాల మ్యాగజైన్, మెత్తని స్ప్రింగు, స్లైడ్ మీద లోతైన గాట్లు. పిడి నిండుగా ఉండడం వల్ల కుదుపు చాలా హాయిగా ఉంటుంది. అరచేతి సేఫ్టీ గొడవ లేదు. అక్క వేళ్లు పొట్టివి, ఆ పిడి చుట్టూ తిరిగి ట్రిగ్గర్‌ను అందుకునేసరికి వేలి కొసే మిగిలింది, దానితో పక్కకు నెట్టినట్టయింది. పెద్ద చేతులుండి కీళ్లు నొచ్చేవారికి, ముఖ్యంగా పెద్దవయసు మగవారికి, ఈజీ కంటే ఇదే మేలు. 9 మిల్లీమీటర్లే కావాలని పట్టుబట్టేవారు వాల్తర్ సీసీపీ ఎం2 పట్టి చూడాలి. గొట్టంలోని వాయువునే వాడి స్లైడ్ వెనక్కి రావడాన్ని నెమ్మది చేస్తుంది కాబట్టి స్ప్రింగు పలుచన. లోపలి అమరిక కొంచెం చిక్కు. శుభ్రం చేసుకోవడానికి ఇంట్లో ఇంకొకరి సాయం ఉంటే మంచిది.

స్లైడ్ అసలే లాగలేనివారికి కూడా దారి ఉంది. బెరెటా బాబ్‌క్యాట్, టామ్‌క్యాట్ పిస్తోళ్లలో పక్కన ఉన్న మీటను నొక్కితే గొట్టం వెనక భాగం పైకి లేస్తుంది. తూటాను నేరుగా గొట్టంలో పెట్టి మూసేయవచ్చు. బాబ్‌క్యాట్ .22, టామ్‌క్యాట్ .32 తూటాలు వాడతాయి. అదే పద్ధతిలో గిర్సాన్ ఎంసీ 14టీ .380లో, పెద్ద పిడితో వస్తుంది. చెప్పుకోవలసిన చిక్కులూ ఉన్నాయి. బెరెటా చిన్న పిస్తోళ్లలో ఖాళీ గుల్లను పట్టి లాగే కొక్కెం ఉండదు. పేలని తూటా గానీ ఇరుక్కున్న గుల్ల గానీ తీయాలంటే గొట్టం ఎత్తాల్సిందే. సుత్తిని ముందుగా లాగకపోతే మొదటి తూటాకు ట్రిగ్గర్ బరువుగా ఉంటుంది. ఈ రెండూ తెలిసి, ఒప్పుకుని కొనేవారికి ఇవి వరమే.

.22 గురించి నిపుణుల్లోనే వాదాలు నడుస్తుంటాయి. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. .380 కుదుపు భరించగలిగితే .22 వైపు వెళ్లకండి. .22 తూటాలో మందును అంటించే పదార్థం అడుగు అంచులో ఉంటుంది. అది అన్ని తూటాల్లో సమంగా పరుచుకోదు, కాబట్టి పేలకపోయే తూటాలు మిగతా రకాల కంటే ఎక్కువ. కానీ .380ను ఐదుసార్లు పేల్చేసరికి చెయ్యి వాచిపోయే మనిషికి, గురి తప్పకుండా పదిసార్లు పేల్చగలిగే .22 ఎంతో మేలు. ఎల్‌సీపీ 2లో .22 తూటాల లైట్ రాక్ రకం దానికి సరిపోతుంది, 10 తూటాలు. ఆత్మరక్షణ కోసమే చేసిన .22 తూటాలు కూడా ఇప్పుడు దొరుకుతున్నాయి, ఫెడరల్ పంచ్ అందులో ఒకటి.

లాగలేమనే ముందు

చాలామంది స్లైడ్‌ను బొటనవేలు, చూపుడు వేలు మధ్య చిటికెలా పట్టి, కత్తెర వేసినట్టు వెనక్కి లాగబోతారు. కీళ్లు అరిగిన చేతికి అంతకంటే కష్టమైన పని లేదు. తుపాకీని రొమ్ముకు దగ్గరగా, గొట్టం రేంజి లక్ష్యం వైపే ఉండేలా తెచ్చుకోవాలి. ఎడమ అరచేతిని స్లైడ్ పైనుంచి బోర్లించి, నాలుగు వేళ్లు అటు, అరచేతి మడమ ఇటు వచ్చేలా బిగించాలి. ఎడమ చెయ్యి కదలకూడదు. కుడి చేత్తో పిడిని ముందుకు నెట్టాలి, తలుపు తోసినట్టు, భుజం బలంతో. స్లైడ్ చివరికి రాగానే ఎడమ చెయ్యి వదిలేయాలి. నెమ్మదిగా ముందుకు జరపకూడదు, అలా చేస్తే తూటా సరిగా కూర్చోదు. ఒక మంచి శిక్షకురాలు అక్కకు ఇది పది నిమిషాల్లో నేర్పింది. ఆ పది నిమిషాల తరువాత, అంతకు ముందు కాదనుకున్న మూడు పిస్తోళ్లు తిరిగి జాబితాలోకి వచ్చాయి. ఇలా నెట్టేటప్పుడు గొట్టం పక్కవారి వైపు తిరిగిపోవడం చాలా మామూలు. పక్కన ఒకరు నిలబడి అదే పనిగా గమనించాలి. వేలు ట్రిగ్గర్ దగ్గరకు రాకూడదు.

బయట సుత్తి ఉన్న పిస్తోలైతే ముందు దాన్ని వెనక్కి లాగి, ఆ తరువాత స్లైడ్ లాగండి. సగం బరువు తగ్గినట్టు తెలుస్తుంది. మ్యాగజైన్ నింపడానికి అప్‌లూలా అనే పరికరం దొరుకుతుంది. మీ మ్యాగజైన్‌కు సరిపడే రకం చూసి కొనండి, రెండో ఆలోచన వద్దు. కీళ్లకు చూసే డాక్టరును, చేతి వ్యాయామం నేర్పే చికిత్సకులను కూడా అడగండి. బొటనవేలికి పట్టీ వేసుకుని పేల్చవచ్చా, ఏ వ్యాయామం మేలు చేస్తుంది అన్నది వారే చెప్పాలి.

ఒంటి మీద, ఇంట్లో

అక్క దుకాణంలో కుర్తాలు వేసుకుంటుంది. కుర్తా కింద నడుము దగ్గర దాచడం సులువే, బయటికి తీయడమే కష్టం. ఎడమ చేత్తో బట్టను గుప్పిట పట్టి రొమ్ము దాకా ఎత్తాలి, కుడి చెయ్యి పిడిని అందుకోవాలి. పొడవు కుర్తాతో అది ఆమెకు కుదరలేదు. నడుము దాటని పొట్టి కుర్తాలు కుట్టించుకుంది. గట్టి ప్లాస్టిక్ హోల్‌స్టర్‌లు (తుపాకీ ఒరలు) కొన్ని తుపాకీని మరీ బిగించి పట్టుకుంటాయి. మర వదులు చేసి, ఆమె చేతికి సరిపోయేలా, అలాగని తలకిందులు చేసినా జారిపోకుండా సర్దాలి. ట్రిగ్గర్ మాత్రం పూర్తిగా గట్టి తొడుగు లోపల ఉండాలి. చేతిసంచిలో తాళాలు, దువ్వెన, పెన్నుల మధ్య తుపాకీ పడేయడం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. సంచే కావాలంటే తుపాకీకి విడిగా అర ఉన్నది కొని, ఆ అరలో కూడా హోల్‌స్టర్‌తోనే పెట్టాలి.

ఇంతవరకు సులువైన స్లైడ్, సులువైన మ్యాగజైన్ అంటూ వచ్చాను. అక్క చేతికి సులువైనది ఏడేళ్ల మనవడి చేతికీ సులువే. గట్టి స్ప్రింగు పిల్లలకు ఎంతో కొంత అడ్డుగా ఉండేది, ఈ పిస్తోళ్లలో ఆ అడ్డు లేదు. సెలవులకు మనవలు వస్తారు. టెక్సాస్ చట్టం ప్రకారం 17 ఏళ్ల లోపు పిల్లల చేతికి తూటాలున్న తుపాకీ అందేలా వదలడం నేరం. చట్టం లేకపోయినా నేను అదే చెబుతాను. ఒంటి మీద లేని ప్రతి నిమిషం అది ఇనుప పెట్టెలో ఉండాలి. తాళంచెవి తిప్పే పెట్టె బొటనవేళ్లకు నొప్పి. వేలిముద్రతో తెరుచుకునేది అక్క పొడిబారిన చర్మాన్ని గుర్తుపట్టలేదు. చివరికి నాలుగు బొత్తాలు వరుసగా నొక్కితే తెరుచుకునే పెట్టెను మంచం పక్కన గోడకు మరలతో బిగించాం.

అక్క కొన్నది షీల్డ్ ఈజీ 380. సెక్యూరిటీ-380 పిడి పొట్టిగా ఉండి ఉంటే అదే కొనేదేమో. నెలకు రెండు ఆదివారాలు రేంజికి వస్తుంది, యాభై తూటాలు మించదు, మించితే మర్నాడు గల్లాపెట్టె మీటలు నొక్కడం కష్టమవుతుంది. మిగతా రోజుల్లో తూటాలు వేరే గదిలో పెట్టి, ఖాళీ అని రెండుసార్లు చూసుకుని, దుకాణం నుంచి వచ్చిన రాత్రి స్లైడ్ లాగుతుంది. ఎన్నిసార్లు లాగగలిగిందో వంటింటి క్యాలెండరులో ఆ తేదీ గడిలో పెన్సిలుతో రాస్తుంది. జనవరిలో చలి ముదిరిన వారం ఆరు, ఐదు, ఆరు అని ఉంది. మార్చిలో పన్నెండు. మూడు కంటే తగ్గిన రోజున పిస్తోలును పెట్టెలోనే ఉంచి, పెప్పర్ స్ప్రే పట్టుకుని, దుకాణం మూసే వేళకు నాకు ఫోను చేయాలన్నది మా ఇద్దరి మధ్య ఒప్పందం. వరుసగా నెల రోజులు అలాగే ఉంటే గొట్టం ఎత్తే గిర్సాన్‌కు మారతాం. అది ఏ రేంజిలో అద్దెకు దొరుకుతుందో ఇప్పటికే చూసి పెట్టాం.